పంచుకున్న బిళ్ళలు

ఉయ్యూరు బస్టాండులో బస్సు ఆగగానే కిటికీ కిందనుంచి జామకాయల బుట్ట పైకి లేచింది. నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ ఒక కాయ కొని, రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి, టప్పున విరిచి, రెండు ముక్కలూ పక్కావిడ ముందు పెట్టింది. పక్కావిడ ఫోన్లోంచి తలెత్తకుండానే ఒక ముక్క తీసుకుంది. అంతే. ఎవరూ పట్టించుకోదగ్గ విషయం కాదు. కానీ నా పక్కన కూర్చున్న దేవదానం గారు మొహం పక్కకు తిప్పేసుకున్నారు. ఎందుకో నాకు తెలుసు. ఆ క్షణంలో మా ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకే మనిషి. ఆయన పోయి ఏడాది దాటింది. మేము చల్లపల్లి వెళ్తున్నది ఆయన భార్యకు ఒక కబురు చెప్పడానికే.

ఆయన పేరు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. డిపోలో, మా పేట పటమటలో, మా హేతువాద సంఘంలో అందరికీ ఆయన కండక్టర్ గారే. విజయవాడ నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సు మీద ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. సంచీ, టిక్కెట్ల మిషనూ డిపోకి అప్పజెప్పారుగానీ అలవాటు అప్పజెప్పలేదు. ఏదైనా గట్టిగా చెప్పాల్సి వస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో టిక్కెట్టు చింపేవారు. "అది అంతేనండీ" అని ఒక టిక్కెట్టు. "నేనొప్పుకోనండీ" అని ఇంకో టిక్కెట్టు. వాదన ముదిరిన రోజు మా హాలు నేలంతా కనపడని టిక్కెట్లతో నిండిపోయేది.

సభలో ఆయన ఎప్పుడూ చివరి వరసే. కూర్చునేవారు కాదు, గోడకు ఆనుకుని నిలబడేవారు. "కూర్చుంటే నిద్రొస్తుందమ్మా, నిలబడితేనే నాకు బుర్ర పనిచేస్తుంది" అనేవారు. సభ అయ్యాక కుర్చీలు మడతపెట్టేదాకా ఉండేవారు. వక్త ఎంత పెద్దవాడైనా సరే, వెళ్ళబోతుంటే ఆపి, జేబులోంచో సంచీలోంచో ఏదో ఒక పండు తీసి విరిచి రెండు చేతులూ చాపేవారు. మొహమాటానికి "మీరు తీసుకోండి" అన్నారో, అయిపోయారే.

"విరిచినోడు ముందు తీసుకోకూడదండీ. ముందు తనే తీసుకుంటానని తెలిస్తే, పెద్ద ముక్క తనకొచ్చేలా విరుస్తాడు. ఎంత మంచోడైనా అంతే. నేనైనా అంతే."

మనిషి మీద నమ్మకం లేక పెట్టుకున్న నియమం కాదది. మనిషిని బాగా ఎరిగి పెట్టుకున్నది. దానికంటే మంచి రాజ్యాంగ సూత్రం నేను ఎక్కడా చదవలేదు.

దేవదానం గారు ఆ బస్సుకు డ్రైవరు. ఆయన వెనక బెల్లు కొడితే ఈయన ముందు బండి కదిలించేవారు. ఒకే క్యారియరులో తినేవారు. ఒకాయన రైతుల ఇంట పుట్టి దేవుణ్ణి వదిలేసినవాడు, ఇంకొకాయన మాలపల్లెలో పుట్టి చర్చిలో పాటలు పాడేవాడు. ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవారు. ఆ పిలుపు వినలేక డిపోలో ఒక పెద్దమనిషి "ఏ వరసన బావయ్యాడయ్యా నీకు?" అని అడిగాడట. కండక్టర్ గారు తాపీగా, "మీరు పిల్లనిస్తానంటే ఆ వరస కూడా కలుపుకుంటాం" అన్నారట. మళ్ళీ ఎవరూ అడగలేదు.

బస్సు అద్దానికి దేవదానం గారు చిన్న శిలువ వేలాడదీసుకునేవారు. పక్కన ఎవరైనా నిమ్మకాయా మిరపకాయలూ కట్టబోతే కండక్టర్ గారు పీకేసేవారు. శిలువ జోలికి మాత్రం పోలేదు. కాకపోతే కంకిపాడు దాటేలోగా ఒక్కసారైనా అనేవారు:

"మీ దేవుడికి టిక్కెట్టు కొట్టలేదు బావా. చెకింగోళ్ళు ఎక్కితే నువ్వే చెప్పుకో."

"ఆయనకు పాసుందిలే. నువ్వు బెల్లు కొట్టు."

ఇద్దరికీ ఒకేసారి షుగరొచ్చినట్టు చెప్పుకునేవారు, అదీ సగం సగం పంచుకున్నట్టే. కొన్నేళ్ళకు అరికాళ్ళ మంటలు మొదలయ్యాయి. షుగరు నరాల మీదికి పోతే వచ్చే మంట అది. పెనం మీద నిలబడినట్టు ఉంటుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. దేవదానం గారికి మరీ ఎక్కువ. క్లచ్చూ బ్రేకూ తొక్కిన ఆ కాళ్ళను బకెట్టు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేవారు. పొద్దున్న బందరు కాలవ గట్టు మీద నడకకు వచ్చినప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని తడి గడ్డి మీద నడిచేవారు.

ఆ రోజుల్లోనే మా సంఘంలో నేనొక ప్రసంగం చేశాను. ఊరి బయట ఒకాయన మంత్రించిన నీళ్ళతో మోకాళ్ళ నొప్పులూ మంటలూ పోగొడుతున్నాడని జనం విరగబడుతున్నారు. తగ్గిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు అబద్ధాలాడటం లేదు, అదే అసలు చిక్కు. నొప్పి తనంతట తాను పెరుగుతుంది, తగ్గుతుంది. తగ్గుతుందన్న ఆశతోనే కొంత తగ్గుతుంది. మరి మందువల్ల తగ్గిందో ఆశవల్ల తగ్గిందో తేల్చేదెలా? సగంమందికి మందు ఇవ్వాలి. మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే, లోపల ఏమీ లేని బిళ్ళ ఇవ్వాలి. దాన్నే ప్లాసిబో అంటారు. మింగేవాడికీ తెలియకూడదు, ఇచ్చే డాక్టరుకీ తెలియకూడదు. చీటీ తీసినట్టు ఎవరికేది పడితే అది. చివర్లో రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మనిషి తనను తాను మోసం చేసుకోకుండా మనిషే కనిపెట్టుకున్న కట్టుబాటు అది. దాని ముందు ఏ బాబా నిలబడడు, ఏ కంపెనీ కూడా దబాయించలేదు. ఇదంతా నేను ఆవేశంగా చెబుతుంటే గోడ దగ్గరనుంచి ఒక గొంతు.

"ఉత్తి బిళ్ళ ఎవరికొస్తుందండీ?"

"ఎవరికీ తెలియదండీ. అదే దాని గొప్పతనం."

"సరే. వచ్చినోడి సంగతేంటి మరి?"

హాలు నవ్వింది. నేనూ నవ్వాను. ఒప్పుకునే చేరతారనీ, మామూలుగా వాడే మందులు ఆపరనీ, పత్రం మీద ముందే అంతా రాసి చెబుతారనీ జవాబిచ్చాను. ఆయన తలూపారు. టిక్కెట్టు మాత్రం చింపలేదు.

కొన్ని నెలలకు నగరంలో ఒక ఆసుపత్రిలో అరికాళ్ళ మంటలకు కొత్త మందు పరీక్షిస్తున్నారని తెలిసి ఇద్దరూ చేరారు. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, ఓపిక గల మనిషి. అంతా విడమరిచి చెప్పిందట. కండక్టర్ గారు "మాకు తెలుసమ్మా, మా సంఘంలో పాఠం అయిపోయింది" అన్నారట గర్వంగా. ఇద్దరికీ ఒకేలాంటి తెల్ల డబ్బాలు, ఒకేలాంటి బిళ్ళలు.

ఒకరోజు కాలవ గట్టు మీద ఎదురుపడి ఆయనే నన్ను ఆపారు. మొహం వెలిగిపోతోంది. దేవదానం గారు ఇంకా వెనక ఎక్కడో గడ్డి మీద మెల్లగా వస్తున్నారు.

"అమ్మా, మీకో సంగతి చెప్పాలి. మీరు మెచ్చుకుంటారు. నాకు మంట సగానికి సగం తగ్గింది. బావకేమో అలాగే ఉంది. ఇంక తెలిసిపోయింది కదా, అసలు మందు నాకొచ్చింది, ఉత్తిది వాడికి పడింది. వాడు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటే నేను ఎట్టా నడవనమ్మా చెప్పులేసుకుని?"

"అయితే?"

"రెండు డబ్బాలూ మా ఇంట్లో ఒక స్టీలు డబ్బాలో పోసేశాను. బాగా కలిపాను. రెండు కుప్పలు పెట్టాను. వాణ్ణి ముందు తీసుకోమన్నాను."

గాల్లో ఒక టిక్కెట్టు చిరిగింది.

"కండక్టర్ గారూ, మీరేం చేశారో తెలుస్తోందా మీకు?"

"పంచానమ్మా."

"పాడుచేశారు! ఇప్పుడు మీ ఇద్దరి కాళ్ళూ ఏ సంగతీ చెప్పలేవు."

"సంగతులు చెప్పడానికి కాదమ్మా కాళ్ళు, నడవడానికి."

"ఆ మందు రేపు వేలమంది మింగాలా వద్దా అన్నది తేలాలి కదా! అందరూ మీలా కలిపేసుకుంటే మందుకూ ఉత్తిదానికీ తేడా ఏనాటికీ తెలియదు."

"ఆ వేలమంది రేపు వస్తారు. వీడు ఇవాళే ఉన్నాడు." ఆయన గొంతు కూడా లేచింది. "ఇన్నేళ్ళుగా మీ సభల్లో నేను విన్నదేంటి? ఒకడికి ఉండి ఒకడికి లేకపోవడం అన్యాయమనేగా? తీరా నా చేతికి వచ్చాక పంచొద్దంటారేంటమ్మా?"

"ఇది అన్నం కాదండీ, ప్రశ్న. జవాబు రాకముందే ప్రశ్నను విరిచేశారు. అయినా మీదే అసలు మందని ఎవరు చెప్పారు?"

"నా కాళ్ళు చెప్పాయి."

"ఆ మంత్రం నీళ్ళు తాగినవాళ్ళకు కూడా వాళ్ళ కాళ్ళే చెప్పాయి."

ఆయన చెయ్యి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిశాయి. టిక్కెట్టు చిరగలేదు. ఆ చెయ్యి అలాగే కొంతసేపు ఉండి, మెల్లగా కిందికి దిగింది. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకు తనే చెబుతానన్నారు.

ఆ రోజు నేనన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పని ఇవాళ్టికీ నేననుకోను. అయినా ఆ దించిన చెయ్యి నన్ను వదలదు.

చెప్పే రోజు రాకముందే దేవదానం గారు చర్చిలో పాటకు లేచి నిలబడి అలాగే కూలిపోయారు. అదే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కండక్టర్ గారు ఆటోలో వచ్చి, వరండాలోనే డాక్టరమ్మకు అంతా చెప్పేశారు. ఇద్దరూ కలిపి మింగారని తెలిసేసరికి ఎవరి డబ్బాలో ఏముందో దాచిపెట్టిన కోడును ఆమె ఇద్దరిదీ విప్పించింది. ఎవరు ఏం మింగుతున్నారో తెలియకుండా వైద్యం చెయ్యడం కుదరదు మరి. పడిపోవడానికి కారణం ఆ బిళ్ళలు కావు. ఏమీ తినకుండా షుగరు మందు వేసుకుని వెళ్ళారు, షుగరు పడిపోయింది. సాయంత్రానికి లేచి కూర్చున్నారు. నేను వెళ్ళేసరికి కండక్టర్ గారు వరండా బల్ల మీద ఉన్నారు. కూర్చుని ఉన్నారు. అది చూడగానే ఏదో జరిగిందనుకున్నాను.

"నాది ఉత్తిదంటమ్మా," అన్నారు. "వాడిది మందంట."

నేను పక్కన కూర్చున్నాను.

"వాడి మందు నేను తిన్నాను. నా సున్నంబిళ్ళలు వాడికి పెట్టాను. పైగా పంచానని మీ దగ్గర గొప్పలు పోయాను."

లోపల మంచం మీద దేవదానం గారు నవ్వేశారు. "తిన్నది నువ్వేగా బావా, పరాయోడు కాదుగా. క్యారియర్లో నా చేపల పులుసు తిన్నప్పుడు లేని బాధ ఇప్పుడెందుకొచ్చింది?"

ఆయన నవ్వలేదు. రూలు ప్రకారం ఇద్దరినీ ట్రయల్ నుంచి తీసేశారు. అంటే దేవదానం గారికి ఆ కాస్త మందు కూడా పోయింది. కండక్టర్ గారి మనసులో అది మేకులా దిగింది. "ఇంకొన్నాళ్ళు మందు పూర్తిగా పడుంటే వాడికి తగ్గేదే. నేను పడనివ్వలేదు" అన్నది ఆయన పట్టు. తర్వాత ఆయన కాళ్ళు కూడా మళ్ళీ మండటం మొదలుపెట్టాయి. బాధ వల్లనో, మంట తనకుతానే పెరిగే రోజులు రావడం వల్లనో నేను చెప్పలేను.

సభలకు వచ్చేవారు, కానీ గోడ దగ్గర నిలబడటం మానేశారు. ఒక కుర్చీలో కూర్చుని, ఏమీ అడక్కుండా, అయిపోగానే వెళ్ళిపోయేవారు. ఒకసారి గేటు దాకా వెంట వెళ్ళాను. అలవాటుగా సంచీలో చెయ్యిపెట్టి జామకాయ తీశారు. విరవలేదు. కాయ కాయంతా నా చేతిలో పెట్టారు.

"ఇదేంటండీ?"

"తినండమ్మా. మొత్తం మీదే."

"కండక్టర్ గారూ, ఒక్క మాట వినండి. అది మందో కాదో ఇంకా ఎవరికీ తెలియదు. తెలియకే కదా పరీక్ష. పనిచెయ్యని మందైతే మీరు దేవదానం గారి దగ్గర తీసుకున్నదేమీ లేదు."

ఆయన నా వైపు జాలిగా చూశారు. నేను ఓదార్పుకు ఏదో కల్పించి చెబుతున్నాననుకున్నారు. "మందని వాళ్ళే అన్నారు కదమ్మా. అంత పెద్ద కంపెనీ ఊరికే అంటుందా?"

నా ఆయుష్షంతా నేను పోట్లాడింది ఆ ఒక్క వాక్యంతోనే. మందు అని పేరు పెట్టగానే అది పనిచేసి తీరుతుందని నమ్మడం, నీళ్ళకు మంత్రం అని పేరు పెట్టగానే నమ్మడం, రెండూ ఒకే జబ్బు. బాబాల్ని నమ్మని మనిషి, నిమ్మకాయల్ని పీకేసిన మనిషి, తెల్లబిళ్ళ దగ్గరికి వచ్చేసరికి భక్తుడైపోయాడు. అదీ తన మీద తనే నేరం మోపుకోవడానికి! ఉత్తి బిళ్ళతో తన కాళ్ళు చల్లబడిన సంగతి చూసి కూడా, అసలు మందు ఏ మాత్రం గొప్పదోనని ఆయనకు అనుమానం రాలేదు. సంఘం తరఫున ఎన్నో ఊళ్ళలో ఎంతోమంది భ్రమలు వదిలించామని చెప్పుకున్నాం. పక్కనున్న మనిషికి పట్టిన ఈ ఒక్క భ్రమను కదిలించలేకపోయాను. నా దగ్గర తర్కం ఉంది, రుజువు లేదు. రుజువు ఇంకా ఎవరెవరి ఇళ్ళలోనో డబ్బాల్లో ఉంది, రోజుకింత మింగబడుతూ ఉంది.

ఆయన గుండెపోటుతో పోయారు. బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారు. ముందే రాసిచ్చినట్టు దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చాం. దండలూ మంత్రాలూ లేవు. వ్యానులో దేవదానం గారు డ్రైవరు పక్కన కూర్చున్నారు. తర్వాత నాతో ఒకే మాట అన్నారు: "ఇన్నేళ్ళలో మొదటిసారమ్మా, వాడు వెనకుండగా బెల్లు లేకుండా బండి కదిలింది."

మొన్న డాక్టరమ్మ దేవదానం గారికి ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు వేరే ఆసుపత్రిలో ఉంది. ట్రయల్ ముగిసింది, లెక్కలు తేలాయి. ఆ మందు పనిచెయ్యదు. ఉత్తి బిళ్ళ మింగినవాళ్ళకు ఎంత తగ్గిందో మందు మింగినవాళ్ళకూ అంతే తగ్గింది. కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది. తన దగ్గర చేరినవాళ్ళందరికీ ఆమె తనే ఫోన్లు చేసి చెబుతోందట. అలా చెప్పేవాళ్ళు ఎంతమంది? మనుషుల ఒంటి మీద ప్రశ్న రాస్తారు, జవాబు మాత్రం ఎక్కడో డాక్టర్ల పత్రికలో, ఆ మనుషులకు రాని భాషలో అచ్చవుతుంది. బిళ్ళ మింగినవాడికి ఆ జవాబు మీద మొదటి హక్కు లేదా? ప్లాసిబో పరీక్షను నేను ఎంత గట్టిగా సమర్థిస్తానో, ఈ మౌనాన్ని అంత గట్టిగానూ అసహ్యించుకుంటాను.

కానీ కండక్టర్ గారి విషయంలో ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు. డాక్టరమ్మ తెలిసిన రోజే చెప్పింది. అంతకుముందు ఎవరికీ తెలియదు.

దేవదానం గారు ఆ ఫోన్ అయ్యాక నేరుగా మా ఇంటికొచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "వాడు నా దగ్గర తిన్నదేమీ లేదంటమ్మా" అన్నారు. అని, అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు.

కండక్టర్ గారు పోయాక ఆయన భార్య చల్లపల్లి వచ్చి తన చెల్లెలి ఇంటి పక్క వాటాలో ఉంటోంది. దేవదానం గారు అంతా చెప్పారు. మధ్యలో తడబడితే నేను అందుకున్నాను. ఆమె చివరిదాకా విని అడిగింది.

"అయితే ఆయనదీ ఉత్తిదే, నీదీ ఉత్తిదేనా అన్నయ్యా?"

"అంతేనమ్మా."

"రోజూ ఒక్కటే మాట. దేవదానం కాళ్ళు ఎట్టా ఉన్నాయంట, నువ్వు వెళ్ళి అడిగిరా, నేనడిగితే బాగున్నాయనే చెబుతాడు అనేవారు." కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఇది ముందే తెలుసుకునే దారి లేదాండీ?"

"లేదమ్మా. చేరినవాళ్ళంతా చివరిదాకా, ఎవరికి వచ్చింది వాళ్ళు మింగితేనే తెలుస్తుంది."

"అందరూ ఈయనలాగే కలిపేసి పంచుకునుంటే?"

ఆ ప్రశ్న వస్తుందని నేను దారంతా భయపడుతూనే ఉన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"ఎప్పటికీ తెలిసేది కాదు. ఆయన తప్పు లేదన్న సంగతి కూడా."

దేవదానం గారు ఉయ్యూరులో కొన్న జామకాయ సంచీలోంచి తీశారు. రెండు చేతుల మధ్య పెట్టి నొక్కారు. చేతుల్లో మునుపటి బలం లేదు, రెండోసారికి విరిగింది. రెండు ముక్కలూ ఆమె ముందుకు చాపారు. ఆమె ఒకటి తీసుకుంది. రెండోది నా వైపు చాపారు. తీసుకున్నాను. ఖాళీ చేతులు ప్యాంటుకు తుడుచుకుంటుంటే ఆమె చూసింది. తన ముక్కను మళ్ళీ విరిచి, రెండు అరచేతులూ ఆయన ముందు పెట్టింది.

"ఎంచుకో అన్నయ్యా."

ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. ఆయన ఆ రెండు చేతుల వైపూ చూస్తూ ఉండిపోయారు. ఎంతసేపటికీ ఎంచుకోలేకపోయారు.